కొలువుచోట గర్భనిరోధము – మతాభ్యంతరములు



నేడు నేను ప్రసంగింపదలచిన విషయము కొంత సంకోచమును గలిగించునట్టిది. స్త్రీపురుషులు కూడి వినుచోట గర్భనిరోధమును గూర్చి మాటలాడుట మన పెద్దల మర్యాద కాదు. అయినను మర్యాదకు జంకి విడిచిపెట్టిన విషయములయందే అన్యాయము సడి చేయక జరుగుచుండును. కావున వైద్యవిషయమును వైద్యులకు విడిచి, ధర్మవిషయమును మాత్రము విచారింతము.

రెండేండ్ల క్రిందట మా ముమ్మిడివరములో నాయొద్ద చదువుకొన్న శిష్యురాలొకతె నన్ను జూడ వచ్చినది. ఆమె నర్సు పని నేర్చి, ఒక పట్టణమున వైద్యశాలలో కొలువు చేయుచున్నది. రోమను కతోలిక మతస్థురాలు. ఆ వైద్యశాలలో స్త్రీలకు కుటుంబ నియంత్రణపు ఆపరేషనులు జరుగునపుడు ఆమెను ప్రక్కన నిలిచి పనిముట్లందింపుమందురట. అది పాపమని ఆమె మతగురువుల బోధ. నిలువనన్నచో కొలువు పోవునను భయము. నిలిచినచో రాత్రి నిద్రపట్టదు. “నన్నేం చెయ్యమంటారు మాస్టారూ?” అని కంట తడిపెట్టినది.

ఆ నెలలోనే మరియొక సంగతి నా చెవిని బడినది. మా ప్రాంతమున కొబ్బరిపీచు పని జరుగు షెడ్డులో నొక స్త్రీ, ఇద్దరు బిడ్డలు గలిగిన పిమ్మట ఆపరేషను చేయించుకొని, రెండు వారములు సెలవును, ఆ దినముల కూలియు నడిగినది. యజమాని దైవభక్తుడు. “దేవుడిచ్చిన సంతానమును కాదనువారికి నా ధనము ముట్టదు” అని త్రిప్పి పంపెను.

ఈ యిద్దరును మతము పేరనే మాటలాడిరి. ఇద్దరును కపటులు కారు. అయినను ఇద్దరి యభ్యంతరములును ఒక్కటియేనా? ఇదియే నేటి ప్రశ్న.

మొదట మతములు చెప్పు మాట వినుదము. మన ధర్మశాస్త్రములు గృహస్థునకు మూడు ఋణములు చెప్పినవి. వానిలో పితృఋణము సంతానముచే దీరును. ఋతుకాలమున భార్యను విడుచుట దోషమని కొన్ని స్మృతులు చెప్పుచున్నవి. కావున సంతానమును వారించుట పితరులయెడ ద్రోహమని పూర్వాచారపరుల వాదము. కాని మనుస్మృతియే జ్యేష్ఠపుత్రుని జన్మముచే తండ్రి ఋణవిముక్తుడగుననియు, వాడే ధర్మజుడనియు, తక్కినవారు కామజులనియు నిర్ణయించినది. అనగా పెద్ద సంసారము శాస్త్రమునకు సమ్మతమే గాని, శాస్త్రవిధి కాదు. మధ్యయుగపు ఆయుర్వేద గ్రంథములలో గర్భము నిలువకుండ జేయు యోగములు కూడ గలవు. శాస్త్రములు తీవ్రముగ నిందించినది భ్రూణహత్యను. గర్భము నిలువక పూర్వము వారించుట వేరు, నిలిచినదానిని చెరచుట వేరు. ఈ భేదమును మనస్సున నుంచుకొనుడు. ముందు రాబోవు అమెరికా వ్యాజ్యమంతయు దీనిమీదనే నిలిచినది.

మహాత్మాగాంధిగారి మార్గము వేరు. 1935 డిసెంబరులో మార్గరెట్ సాంగరు అను అమెరికా స్త్రీ వార్ధాకు వచ్చి, కృత్రిమ సాధనములను సమర్థింపుమని వారితో దీర్ఘముగ వాదించినది. బిడ్డలు తక్కువగ నుండవలెననుట గాంధిగారికిని సమ్మతమే; కాని అది నిగ్రహముచే రావలెను గాని సాధనములచే గాదని వారు పట్టు విడువలేదు. బాలయోగీశ్వరుల తపస్సుచే పేరొందిన మా ఊరివారికి ఆ మాట క్రొత్త కాదు. అయితే యోగికి సాధ్యమైనది సంసారికి విధింపవచ్చునా యనుట వేరు విచారణ.

క్రైస్తవులలో 1930వ సంవత్సరము ఒక చీలుదారి. ఆ యేట లాంబెత్ సభలో ఆంగ్లికను మతాధిపతులు కొన్ని యెడల కృత్రిమ సాధనములను అంగీకరించిరి. ఆ యేటి చివరి దినముననే పదునొకండవ పయస్ పోపు వానిని నిషేధించుచు లేఖ వెలువరించెను. 1968 జూలైలో ఆరవ పౌలు పోపు ఆ నిషేధమునే స్థిరపరచెను. ఆయనకు సలహా చెప్ప నియమింపబడిన సంఘమున అధికసంఖ్యాకులు సడలింపును గోరిరి, ఆయన యంగీకరింపలేదు. ఋతుచక్రమున గర్భము నిలువని దినముల నెరిగి మెలగుట మాత్రము వారికి సమ్మతము. ఇస్లాములో ప్రవక్త కాలమునుండియు ‘అజల్’ అను సహజ నిరోధపద్ధతి వాడుకలో నుండినట్లు హదీసులు చెప్పుచున్నవి; గజాలీ పండితుడు దానిని అనుమతించెను. కాని శాశ్వతముగ సంతానశక్తిని పోగొట్టు శస్త్రచికిత్సను అవసరము లేనిచో పెక్కురు ఉలమాలు సమ్మతింపరు. ఇట్లు ఏ మతమునను ఒక్క గొంతు లేదు. అభ్యంతరము మాత్రము అన్నిట గలదు.

ఇక అమెరికా కథ వినుడు. మన కోనసీమ బిడ్డలనేకులు అచ్చట కొలువులు చేయుచున్నారు గనుక ఇది పరాయి కథ కాదు. ఆ దేశమున పెక్కుమందికి వైద్య భీమా యజమాని ద్వారముననే లభించును. 2010లో వెలువడిన ఆరోగ్య చట్టము ననుసరించి చేసిన నిబంధనలలో, పనివారి భీమాయందు గర్భనిరోధ సాధనములు కూడ వేరు రుసుము లేకయే చేరవలెనని యుండెను. అట్టి సాధనములు అప్పుడు 20 రకములు.

ఓక్లహోమా పట్టణమున హాబీ లాబీ యను వర్తక సంస్థ గలదు. 1972లో మొదలైన ఆ వ్యాపారము గ్రీను అను కుటుంబమువారిది. వారు ఆదివారమున దుకాణములు మూసివేయునంతటి క్రైస్తవనిష్ఠ గలవారు. ఆ వ్యాజ్యమునాటికి పనివారు సుమారు 13,000 మంది. ఆ కుటుంబమువారు 20 రకములలో 16 రకములకు అభ్యంతరము చెప్పలేదు. తక్కిన నాలుగింటికే, అనగా రెండు రకముల అత్యవసర మాత్రలకును, రెండు రకముల లూపులకును అభ్యంతరము చెప్పిరి. అవి ఫలదీకరణమైన అండమును నిలువకుండ జేయునేమో యని వారి శంక. నిలువక పూర్వము వారించుట వేరు, నిలిచినదానిని చెరచుట వేరని మనము చెప్పుకొన్న భేదమే యిది. ఆ నాలుగింటిని విడిచి భీమా కల్పించినచో దినమునకు సుమారు 13 లక్షల డాలర్ల జరిమానా పడవలసియుండెను. వారితోపాటు పెన్సిల్వేనియాలో కొయ్యపని చేయించు కొనెస్టోగా యను సంస్థవారును న్యాయస్థానమున కేగిరి. వారు మెనొనైట్ శాఖకు చెందిన కుటుంబము.

2014 జూన్ 30న ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము 9 మందిలో 5 గురి మతముచే యజమానుల పక్షమున తీర్పు చెప్పెను. దానికి ఆధారము 1993 నాటి మతస్వాతంత్ర్య పునరుద్ధరణ చట్టము. ప్రభుత్వము ఒకని మతాచరణకు గొప్ప భారము కల్పింపవలెనన్నచో, తన ప్రయోజనము మిక్కిలి ముఖ్యమైనదిగ నుండవలెను. అంతకు తక్కువ భారముగల మార్గము లేక యుండవలెను. ఇదియే ఆ చట్టసారము. అప్పటికే మతసేవా సంస్థలకు ఒక మార్గము కల్పింపబడియుండెను: యజమాని చెల్లింపడు, భీమా సంస్థయే ఆ సాధనములను నేరుగ పనివారికి సమకూర్చును. అట్టి మార్గముండగా యజమానిని నిర్బంధించుట యేల యని ఆలిటో న్యాయమూర్తి వ్రాసెను. ఆ సాధనములు నిజముగ నెట్లు పనిచేయునను సంగతిని న్యాయస్థానము తేల్చలేదు. నమ్మకము నిష్కపటమైనదా యని మాత్రమే చూచినది. అత్యవసర మాత్రలలో ప్రసిద్ధమైనదొకటి అండము విడుదలను ఆపుటచేతనే పనిచేయుననియు, గర్భము నిలుచుటను అడ్డుకొనదనియు 2022 డిసెంబరులో ఆ దేశపు ఔషధశాఖ దాని చీటీమీది వ్రాతను సవరించినది.

భిన్నాభిప్రాయము వ్రాసిన గిన్స్‌బర్గ్ అను న్యాయమూర్తురాలి వాదమును వినదగినది. యజమాని ధనము భీమా నిధిలో పడును. ఆ నిధినుండి ఏ చికిత్స పొందవలెననుట పనివారును, వారి వైద్యుడును నిర్ణయింతురు. నడుమ ఇంతటి స్వతంత్ర నిర్ణయముండగా దాని భారము యజమానికెట్లు అంటును? యజమాని విశ్వాసము అదే విశ్వాసము లేని వేలకొలది స్త్రీలమీద పడుట న్యాయమా? ఇవి ఆమె ప్రశ్నలు.

ఈ వివాదము మన కందరకును తెలిసిన మాటలోనే యున్నది. చేసినవాడు, చేయించినవాడు, ప్రోత్సహించినవాడు, మెచ్చినవాడు ఈ నలుగురకును ఫలమున పాలు గలదని మన పెద్దలు చెప్పుదురు. గ్రీను కుటుంబమువారు తాము చేయించినవారమగుదుమని భయపడిరి. అయితే మనము మరియొక సంగతియు నెరుగుదుము. శనివారము కూలి పుచ్చుకొన్నవాడు ఆ డబ్బుతో కల్లు త్రాగెనేని ఆ పాపము కూలియిచ్చినవానికి చెందదు. ఇచ్చినది వాని కష్టార్జితము గనుక. భీమాయు కూలిలో భాగమే యన్నచో ఆ ధనము యజమానిది కాదు, పనివానిది. భీమా యజమాని దానమా, పనివాని జీతమా? ఈ యొక్క ప్రశ్నకు చెప్పు సమాధానమునుబట్టి తక్కిన నిర్ణయమంతయు మారును.

ఆ దేశమున వ్యాజ్యములు అంతటితో నిలువలేదు. దిక్కులేని వృద్ధులను సేవించు ‘పేదల చిన్న సోదరీమణులు’ అను కతోలిక సన్న్యాసినులు గలరు. మన సికింద్రాబాదులోను వారి వృద్ధాశ్రమము గలదు. తాము చెల్లింపకున్నను, మరియొకరు చెల్లించుటకు దారితీయు కాగితముపై చేవ్రాలు చేయుటయు దోషమేయని అమెరికాలోని ఆ సోదరీమణులు వాదించిరి. 2020 జూలై 8న ఇద్దరు తప్ప తక్కిన 7 గురు న్యాయమూర్తులును వారికి మినహాయింపు నిచ్చిన ప్రభుత్వ నియమమును నిలిపిరి. అటుపిమ్మటను వ్యాజ్యములు సాగుచునేయున్నవి.

ఇప్పుడు మన దేశమువైపు చూడుడు. అచ్చట యజమాని ‘వద్దు’ అనుట తగవైనది. ఇచ్చట యజమాని ‘చేయించుకొనుము’ అనుట తగవైనది. 1952లో మన దేశము కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమముగ స్వీకరించినది. ఈ చరిత్రలో గోదావరీతీరపు పేరొకటి గలదు. జనాభాశాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్‌గారు 1918లో రాజమహేంద్రవరమున జన్మించిరి. 1967లో కేంద్రమున కుటుంబ నియంత్రణ శాఖకు మంత్రియైరి. ముగ్గురు బిడ్డలుగల తండ్రులకు ఆపరేషనును నిర్బంధము చేయవలెనని కూడ వారు సూచించిరి. అది చట్టము కాలేదు. 1968లో ‘నిరోధ్’ సాధనము చౌకధరకు బజారులోనికి వచ్చినది. యోగశాస్త్రమున చిత్తమునకు చెప్పిన మాట కిరాణా కొట్టునకు దిగుట చూచి నా గురువుగారు నవ్వుకొనెడివారు. 1971లో నీలగిరి తేయాకు తోటల యజమానులు, బిడ్డలను కనక ఆగిన పనికత్తెల పేర నెలనెలకు కొంత సొమ్ము జమకట్టు పథకము పెట్టిరి. అది ఆశ చూపుటయే గాని దండన కాదు.

దండన 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడిన పిమ్మట వచ్చినది. 1976–77లో దేశమున 80 లక్షలకు పైగా ఆపరేషనులు జరిగినవి, అధికభాగము పురుషులకు. ఉత్తరదేశ రాష్ట్రములలో ఉపాధ్యాయులకు, ఉద్యోగులకు ఇంతమందిని తేవలెనని లెక్కలు కట్టిరి. తేనివారి జీతములు నిలిపిరి. ఆ పిమ్మట షా విచారణ సంఘము ఈ సంగతులను బయటపెట్టినది. అప్పుడు నేను పాఠశాలలో చదువుచుంటిని. మా తండ్రిగారు ఉపాధ్యాయులు. పై యధికారి యొకరు ఇద్దరు మనుష్యులను తెమ్మని వారిని నిర్బంధించిరి. మా తండ్రిగారు వైదికులు. ఒకని దేహమును తన జీతమునకై అమ్మజాలనని పలికి ఒక నెల జీతము లేకయే గడిపిరి. ఆ నెల మా యింట వండినది గంజియు, మునగాకు కూరయు. అభ్యంతరము చెప్పుటకు ధర యెంతయో నాకప్పుడు తెలిసినది.

మన రాజ్యాంగము 25వ అనుచ్ఛేదమున అంతఃకరణ స్వాతంత్ర్యమును, మతస్వాతంత్ర్యమును ఇచ్చినది. కాని ప్రజాశాంతికిని, నీతికిని, ఆరోగ్యమునకును లోబడి. ఆ మితి యెంతటిదో పంచాయతీ తగవున తేలినది. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టమున ఇద్దరికంటె నెక్కువ బిడ్డలున్నవారు గ్రామ పదవులకు పోటీచేయరాదను నియమము చేరినది. మీలో కొందరు దానివలననే సర్పంచి పదవికి దూరమైయుందురు. హర్యానాలోని ఇట్టి నియమము మీద వ్యాజ్యము నడచినపుడు, తమ మతము పెక్కు వివాహములను, పెక్కు బిడ్డలను అనుమతించునని కొందరు వాదించిరి. మతము అనుమతించినది వేరు, మతము విధించినది వేరని 2003 జూలైలో మన సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించి నియమమును నిలిపినది. మనుస్మృతి విషయమున మనము చూచిన భేదమే అచ్చటను పనికివచ్చినది. జననములు మిక్కిలి తగ్గిన పిమ్మట ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఆ నియమమును తొలగించినది. ఒకప్పుడు తక్కువ కనుడని దండించిన ప్రభుత్వము నేడు ఎక్కువ కనుడని కోరుచున్నది. కావుననే బిడ్డల లెక్కను ప్రభుత్వమునకు గాని, యజమానికి గాని పూర్తిగ అప్పగింపరాదు.

ఇక నర్సు విషయము. మన దేశమున ఇట్టి అంతఃకరణ ప్రశ్నను ముందుగ పట్టించుకొన్నవారిలో గుంటూరు వైద్యురాలొకరు గలరు. ఆస్ట్రేలియాలో జన్మించిన మేరీ గ్లోరీ యను వైద్యురాలు 1920లో గుంటూరునకు వచ్చి, సన్న్యాసము స్వీకరించి, అనేక సంవత్సరములు తెనుగు స్త్రీలకును, బిడ్డలకును చికిత్స చేసినది. 1943లో కతోలిక వైద్యశాలల సంఘమును స్థాపించినది. నేడు దాని ప్రధాన కార్యాలయము సికింద్రాబాదున నున్నది. తమ మతనీతికి విరుద్ధమైన పనులు తమ వైద్యశాలలలో జరుగరాదని ఆమె సంకల్పము. ఆమె మార్గము స్పష్టము: తాను చేయదు, చేయకుండ సేవించు స్థలమును తానే కట్టుకొన్నది. కాని ఆ మార్గమునకు ఒక బాధ్యత కలదు. ఏ చికిత్స తమయొద్ద జరుగదో రోగికి ముందే చెప్పవలెను. ప్రాణాపాయమున నున్నవారిని గుమ్మమున నిలుపరాదు.

ఈ కథలనుండి తేలిన ధర్మమును మూడు మాటలలో చెప్పెదను: చేయి, ధనము, దేహము. తన చేతితో తాను చేయవలసిన పనిని అంతఃకరణము వారించినచో, ఆ యభ్యంతరము మిక్కిలి బలమైనది; మరియొకరు ఆ పని చేయగలచోట దానిని మన్నింపవలెను. తన ధనము దూరముగ పోయి పరుల చేతిలో పనిచేయుచోట, అభ్యంతరము గౌరవింపదగినదే గాని అంత బలమైనది కాదు. దానివలన పనివారికి నష్టము కలుగరాదు. పరుల దేహమును గూర్చి నిర్ణయించుటకు మాత్రము యజమాని మతమునకు అధికారము లేదు. బలవంతముగ ఆపరేషను చేయించినను తప్పే, చేయించుకొన్నదని కూలి కోసినను తప్పే.

చట్టమును ఈ మాటనే చెప్పుచున్నది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమునకు 1995లో చేర్చిన నియమము ప్రకారము, ఆ చట్టము వర్తించినచోట్ల పనిచేయు స్త్రీకి కుటుంబ నియంత్రణపు ఆపరేషను పిమ్మట రెండు వారములు వేతనముతో సెలవు ఉండెను. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఈ నియమము నిలిచినది. వైద్యుడిచ్చిన ఋజువు పత్రము చూపవలెను. ఈ.ఎస్.ఐ. పథకమున చేరిన పనివారికైతే, పురుషునకు 7 దినములు, స్త్రీకి 14 దినములు పూర్తి వేతనము చెల్లును. ఇది యజమాని దయ కాదు, పనివారి హక్కు. మీ గ్రామమున రొయ్యల షెడ్డులలో, పీచు షెడ్డులలో, దుకాణములలో పనిచేయు ఆడపడుచులకు ఈ మాట చెప్పుడు. వారు సిగ్గుచే అడుగరు. అడిగినను తగవు మీయొద్దకే వచ్చును.

నా శిష్యురాలికి నేను చెప్పిన మాట యిది: “తల్లీ, దాచి బాధపడవద్దు. నీ యభ్యంతరమును వ్రాసి పై డాక్టరుగారికి వినయముగ నిమ్ము. ఆ పనికి బదులు మరియొక కష్టమైన పని అడిగి పుచ్చుకొనుము. కాని ఆపరేషనునకు వచ్చిన స్త్రీని ఎన్నడును నిందింపకుము. ఆమె పాపపుణ్యములు నీ లెక్కలోనివి కావు.” ఆమెను పసిబిడ్డల వార్డునకు మార్చిరి, రాత్రి కొలువులు మాత్రము ఇప్పుడు హెచ్చు.

పీచు షెడ్డు యజమానియొద్దకు మేము నలుగురము పెద్దలము పోయి, ఆయన నమ్మకమును కించపరుపకయే చట్టమును విన్నవించితిమి. ఆయన మనస్సు మారినదని చెప్పజాలను. పదునాలుగు దినముల కూలి మాత్రము లెక్కించి యిచ్చెను. ఆ స్త్రీ దానితో పెద్దపిల్లకు బడి పుస్తకములు కొన్నదట.

ఒకరి నమ్మకమును మార్చుట మనవలన గాదు. ఒకరి నమ్మకముచే మరియొకరి కంచము ఖాళీ కాకుండ జూచుట మనవలన నగును. గ్రామపెద్దలకు అంతకంటె మిన్నయగు ధర్మమేమి గలదు?